తాళాల షాపు మలుపు

ఎముకల వార్డులో ఆమెను అందరూ నడకక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా అక్కడే నర్సు. ఆపరేషనయిన కాలు కదపాల్సి వచ్చినప్పుడల్లా ముందు నొప్పి మందు వేసి, అరగంట ఆగి, "మీ గుమ్మం దగ్గర్నుంచి పనిచోటికి నన్ను తీసుకెళ్లండి" అంటుంది. రోగులు మాటల్లో నడుస్తుంటే ఆమె చేతులు తమ పని చేసుకుపోతాయి. అలా ఎన్నడూ చూడని వీధులన్నీ చుట్టబెట్టేసింది. ఏ మేడ మీద ఎర్ర కుండీలుంటాయో, ఏ ఇంటి కుక్క ఊరికే మొరుగుతుందో అడిగితే చెప్పగలదు. ఆ విద్య మీద ఆమెకు కాస్త గర్వం లేకపోలేదు.

మూడో మంచం పోస్టుమన్‌ది. సైకిలు మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది, లోపల కడ్డీ వేసి రెండు రోజులైంది. నొప్పి పదికి ఎంత అని ఎప్పుడడిగినా "రెండు" అంటాడు. రెండుకు తగ్గ మందే పడుతోంది. నిన్న నిలబెట్టబోతే మంచం అంచు దాకా వచ్చి వెనక్కి వాలిపోయాడు. ఇవాళా లేవకపోతే భయం ముదిరి కూర్చుంటుందని ఆమెకు తెలుసు. ఆయన బతుకంతా కాళ్ల మీదే మరి.

మధ్యాహ్నం. ఉతికిన తెరల్లోంచి ఎండ మెత్తగా దిగుతోంది.

"పదండి బాబాయ్, ఇవాళ ఎవరికి ఉత్తరం?"

ఆయన కళ్లు మూసుకుని బయల్దేరాడు. నీలం గేటు దాటారు. మెట్లు దిగలేని ముసలావిడకు కిటికీలోంచి కవరు అందించారు. పిండిమర చప్పుడు వెనకబడింది. ఆమెకు వార్డు ఎప్పుడో మాయమైంది, తడి రోడ్డు మీద ఆయన వెంట నడుస్తున్నట్టే ఉంది. తాళాల షాపు మలుపు రాగానే ఆయన ఆగిపోయాడు.

పడ్డది అక్కడే. భయమేమోనని బుజ్జగించబోయింది. అప్పుడు చూసింది, మంచం కమ్మీని పట్టుకున్న ఆయన వేళ్లు తెల్లబడిపోయి ఉన్నాయి.

"నిజం చెప్పండి బాబాయ్. ఎంత?"

"ఎనిమిదమ్మా."

"మరి రోజూ రెండన్నారే?"

"నువ్వంత ముచ్చటగా వింటుంటివి. నొప్పంటే నీ నడక ఆగిపోతుందని..."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. తన సరదా కోసం ఈ పెద్దాయన రెండు రోజులు పళ్ల బిగువున ఓర్చుకున్నాడు. వాపు, కాలివేళ్ల రంగు చూసి డాక్టరును పిలిచింది. డాక్టరు వచ్చి కాలు పరీక్షించి, ప్రమాదమేమీ లేదని మందు పెంచాడు. ఆమె దిండు సర్ది, ఐసు సంచి పెట్టి పక్కనే కూర్చుంది. మందు పట్టేదాకా ముప్పావు గంట ఆగింది.

"ఇప్పుడు?"

"మూడు. ఈసారి నిజంగా మూడే."

"అయితే ఉత్తరాలు వద్దు. నొప్పెంతో అదే చెబుతూ లేవండి."

"నాలుగు," అంటూ వాకరు పట్టుకున్నాడు. "అయిదు... అయిదే." పాదాలు నేలమీద ఆనాయి. "నాలుగు." కిటికీ వైపు ఒక అడుగు పడింది.

"మలుపు దాటాం కదమ్మా?"

దాటారు. ఆమెకు మాత్రం ఈసారి ఏ వీధీ కనిపించలేదు, ఆయన మొహమే కనిపించింది.