రత్నం కట్టిన బాణీ

పదకొండేళ్ళుగా ఒక మెప్పును మోస్తున్నాను. అది నాది కాదు. మెప్పు కూడా ఇంత బరువుంటుందని ఎవరైనా చెబితే ఒకప్పుడు నవ్వేవాణ్ణి.

మీరు నందిగామ, జగ్గయ్యపేట వైపు వాళ్ళయితే ఆ పాట వినే ఉంటారు. క్రిస్మస్ రోజుల్లో చాలా చర్చిల మైకుల్లో వస్తుంది. మా చర్చి సంఘం వేసిన మొదటి క్యాసెట్‌లో మొదటి పాట. అట్ట మీద సంగీతం అని నా పేరుంది. ఆ క్యాసెట్ అంటే నాకు గర్వం. ఇప్పటికీ గర్వమే, అబద్ధం ఎందుకు? గిటారు పక్కన డప్పును కూర్చోబెట్టి పాట కట్టొచ్చని మా మెట్ట ఊళ్ళలో చూపించింది మేమే. ఆ గర్వం ఉండబట్టే ఈ మాట ఇన్నాళ్ళూ గొంతు దాటలేదు.

నేను జగ్గయ్యపేటలో ఇంగ్లీషు పంతుల్ని. ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి ఇంగ్లండు నుంచి ఒక ఇంజనీరు వస్తే, సాయంత్రాలు ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి నన్ను పిలిచారు. ఆయన వెళ్ళిపోతూ నా చేతిలో ఒక క్యాసెట్ పెట్టాడు. వాళ్ళ ఊరి బ్యాండు కొత్త ఆల్బమ్ అట. అక్కడి పల్లె పాటల్నే ఫిడేలు, గిటార్లు, డ్రమ్ములతో హోరెత్తిస్తారు. ఎవరి దగ్గరో కాపీ చేసుకున్నది కాబట్టి అట్ట లేదు, బ్యాండు పేరొక్కటే పెన్నుతో రాసి ఉంది. రెండో వైపు మూడో పాటకు మాటల్లేవు, ఒట్టి ఫిడేలు. వినగానే వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. మన పత్తిచేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళ పాట నడకే అది! సముద్రాల అవతలి వాళ్ళకి ఇది ఎలా తెలిసింది?

రత్నం వత్సవాయిలో ట్రాక్టరు నడుపుతాడు. ఆదివారం మా చర్చికొచ్చి డప్పు, హార్మోనియం వాయిస్తాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఏడో తరగతితో చదువు ఆగింది, చెవి మాత్రం ఆగలేదు. నా గదిలో కూర్చుని ఆ క్యాసెట్ మొదటి వైపు ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. రెండో వైపు నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? అప్పటికే దాని మీద కన్నేశానా? అప్పుడు అలా అనుకోలేదు. ఇప్పుడు, నన్ను నేను ఎంత వెనకేసుకొద్దామన్నా, అదేననిపిస్తోంది.

మా సంఘంలో ఒక పద్ధతుంది. కొత్త బాణీని ఆరాధన అయ్యాక, కూలికెళ్ళే ఆడవాళ్ళ ముందు మూడుసార్లు పాడాలి. మూడోసారికి వాళ్ళు అందుకుంటే పాట నిలిచినట్టే. క్యాసెట్‌లో మొదటి పాటకు మాటలు మా సంఘపెద్ద రాశారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. బాణీలు నేనొకటి, రత్నం ఒకటి తెచ్చాం. నేను ఆ ఫిడేలు పాటను తెచ్చి మాస్టారి మాటలకు తగిలించాను. రెండోసారికే అందుకున్నారు. "ఇది మన చేలో పాటేనే!" అని ఒక ముసలమ్మ చప్పట్లు కొట్టింది.

రత్నం బాణీ నిదానం. చరణం చివర దిగాల్సిన చోట దిగకుండా, పైకెళ్ళి అక్కడే నిలబడేది. అలాంటిది నేనెక్కడా వినలేదు. మూడుసార్లయినా ఎవరూ అందుకోలేదు. కానీ ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అది చూసి మాస్టారు ఆలోచనలో పడ్డారు. నా బాణీ పక్కకు పోతుందేమో అనుకున్నాను.

మాస్టారు నావైపు తిరిగారు. "ఏమయ్యా, ఇదేదో దొరల పాటలాగుందే. నీ దగ్గరున్న ఆ ఇంగ్లీషు క్యాసెట్లోది కాదు గదా?"

చూశారా? దొరల పాట కలుపు పాటయింది. మా రత్నం పాట దొరల పాటయింది. కాదండి, అంటే సరిపోయేది.

"అలాంటిదే ఒకటుందండి," అన్నాను.

నా బాణీయే ఖాయమైంది. రత్నం బయట వేపచెట్టు కింద నాకోసం నిలబడి ఉన్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. "తప్పయిపోయిందన్నా," అన్నాడు. "నీ గదిలో ఎప్పుడో చెవినబడుంటది. నేనే కట్టాననుకున్నా. మాస్టారి ముందు నీకు తలవంపులు తెచ్చా."

"పర్లేదులే," అన్నాను.

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, అంటారు. నేను ఇంకో మెట్టు ఎక్కాను. అరిచి, ఆపైన క్షమించాను కూడా. మాస్టారికి చెప్పిన అబద్ధానికి భయం అనో, ఆశ అనో ఏదో ఒక పేరు పెట్టుకోగలను గానీ, వాడంతట వాడే తలొంచుకుని నిలబడితే ఆ తలమీద పెద్దరికంగా చెయ్యేసి పంపించిన నన్ను ఏమనాలో ఈ రోజుకీ తెలియదు. రత్నం ఆ తర్వాత ఒక్క బాణీ కట్టలేదు. నా పాటలకు డప్పు కొట్టాడు. ఎవరైనా మెచ్చుకుంటే నాకంటే ముందు వాడే, "మా అన్న బాణీ అండి," అనేవాడు.

ఈమధ్య విజయవాడలో ఒక షాపులో ఆ బ్యాండు కొత్త ఆల్బమ్ సీడీ కనిపించింది. ఆ ఫిడేలు పాటను మళ్ళీ వాయించారు. లోపలి పుస్తకంలో ప్రతి పాట కిందా అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాశారు. ఈ పాట కింద ఒక గొర్రెల కాపరి పేరు, ఆయన ఊరు ఉన్నాయి. అంత పేరున్నవాళ్ళు. మాదే అంటే ఎవరు కాదంటారు? అనలేదు. వాళ్ళను చూసి ఎంత గర్వంగా అనిపించిందో, సొంతవాళ్ళన్నట్టు! బస్సు నందిగామ దాటేసరికి ఆ గర్వం మిగల్లేదు. నేనేం చేశానో అదొక్కటే మిగిలింది.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం వత్సవాయి వెళ్ళాను. రత్నం ట్రాక్టరుకు గ్రీజు పెడుతున్నాడు. అంతా చెప్పాను. చేతిలో గుడ్డతో వేళ్ళకంటిన గ్రీజు తుడుచుకున్నాడు.

"అయితే అది నాదేనా?" అన్నాడు.

తల ఊపి, గుర్తున్నంత వరకు ఆ బాణీ తీశాను. సగంలో చెయ్యడ్డం పెట్టాడు. తప్పు పాడానట. తను ఎత్తుకుని మొత్తం పాడాడు. ఒక్క చోట తడబడలేదు. పదకొండేళ్ళు, తనది కాదనుకుంటూనే, దాచుకున్నాడు. ఆ చివర పైకెళ్ళి నిలబడినప్పుడు నాకు కన్నీళ్ళు ఆగలేదు. అంత గొప్ప బాణీ మా సంఘంలో పుట్టింది.

క్షమించమని నేను అడగలేదు. అతను నావైపు చూడనూ లేదు. లోపలికి తిరిగి భార్యను కేకేశాడు. "ఇటురా ఒకసారి. నేను కట్టిన పాట వినిపిస్తా."

ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. రత్నం మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. నేను బస్సుకోసం రోడ్డెక్కాను.

సంఘంలో ఇంకెవరికీ తెలియదు. పేరు దాచుకునైనా ముందు ఇది చదివే మీకు రాస్తున్నాను. నా పేరున్న ఆ మొదటి పాట నాది కాదు. రత్నం ఎవరి పాటా ఎత్తుకురాలేదు. రాసేశాను. ఊపిరాడుతోంది.