పక్కింటి ఫోన్‌లో గొంతు

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. హిందూపురంలో సైన్సు టీచరమ్మని. తాయెత్తు కట్టుకుని పరీక్షకొచ్చే పిల్లల్ని ఏడిపించే రకం. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే చిన్నతనంగా ఉంది.

తొంభైల్లో మేం పెనుకొండలో ఉండేవాళ్లం. అక్కకు ధర్మవరం సంబంధం కుదిరింది. పట్టుచీరలు నేసే ఇల్లు. పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లే మాట్లాడుకున్నారు. అక్కకు పెద్దగా ఇష్టం లేదు. మాకు ఫోన్ లేదు కాబట్టి బంధువులకు పక్కింటి నంబరే ఇచ్చేవాళ్లం.

తాంబూలాలయ్యాక మధ్యాహ్నాలు ఆ ఫోన్ మోగడం మొదలైంది. పక్కింటి అత్త ఎత్తితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. పెళ్లికొడుకు సిగ్గుపడుతున్నాడని నవ్వుకుని అక్కను పిలిచేది.

"ఎంత నిదానంగా మాట్లాడతాడో మే. ఆ గొంతు వింటాంటే నాకు చేతులాడవు" అనేది అక్క నాతో. ఆ గొంతు కోసమే పెళ్లికి మనసు పెట్టింది. కట్టుకోబోయేవాడి పేరు పలకకూడదని మా అవ్వ నేర్పిన పద్ధతి. అందుకని అక్క ఒక్కసారైనా పేరు అడగలేదు.

పెళ్లయింది. బావది సన్నగా, గబగబా దొర్లే గొంతు. అక్క ధైర్యం చేసి అడిగితే ఆయన తెల్లబోయాడు.

"నేనెప్పుడు ఫోన్ చేసినాను? ఆ నంబరే నాకు తెల్దు" అన్నాడు.

ఎవడో పోకిరి అన్నారంతా. బావ మంచివాడు. కానీ అక్క ఆయన మాట్లాడితే మొహం తిప్పుకునేది. చివరికి పుట్టింటికి వచ్చేసి, పొద్దస్తమానం పక్కింట్లోనే కూర్చునేది.

విసిగిపోయి అత్త ఫోన్ తీగ పీకి చుట్టిపెట్టింది. ఆ మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అక్క రిసీవర్ చెవికి ఆనించుకుని నవ్వుతోంది. నాకు ఒళ్లు మండింది. తీగ ఎత్తి చూపించాను.

"నువ్వు వినలేదు కదా" అంది.

దాని పిచ్చి వదిలిద్దామని లాక్కుని చెవిన పెట్టుకున్నాను.

"నువ్వూ వచ్చినావా?" అంది మగగొంతు, నిదానంగా.

భయం వేయాల్సింది. వేయలేదు. అత్త వచ్చి నా చేతిలోంచి గుంజుకునేదాకా వింటూనే ఉన్నాను. అత్తకు ఏమీ వినిపించలేదు.

అక్క మళ్లీ ధర్మవరం వెళ్లలేదు. ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. తీగ లేని ఫోన్ ఎలా పలికిందో, ఆ మనిషి ఎవరో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

నాకూ సంబంధాలు వచ్చాయి. జీతం తక్కువనీ, ఊరు దూరమనీ వంకలు పెట్టి అన్నీ తిప్పి పంపాను. ఒక్కరి గొంతూ అలా లేదు.