సైరన్‌కు ముందు ఫోను

కమాన్‌పూర్ అవతలి ఊళ్ళో ఆశా కార్యకర్తగా సారవ్వ సాధించిన మొట్టమొదటి గెలుపు, రోజుకొక ఫోను. 2017లో ఆ ఊరి కనకవ్వ కోడలు, దవాఖానకు పోతూ, గనివాళ్ళ ఎర్రజెండా దగ్గర ఆగిపోయిన ఆటోలోనే కన్నది. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ ఉంటే జెండా పట్టి, సైరన్ మోగించి రోడ్డు ముప్పావుగంట మూస్తారు. గనిలో పర్మినెంటు ఉద్యోగుల క్వార్టర్లు దవాఖాన పక్కనే. సారవ్వ ఊరికి మాత్రం ఆ రోడ్డొక్కటే దిక్కు. సారవ్వ పదకొండు సార్లు గని ఆఫీసు మెట్లెక్కింది. ఎవరికైనా నొప్పులుంటే ఆటో దాటాకే మందుగుండు నింపుతామని పన్నెండోసారి ఒప్పుకున్నారు. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం, గోతుల్లో మందుగుండు నింపకముందే, జెండా పట్టే పోశం ఫోన్ చేసేవాడు.

"అవ్వా, ఎవలకన్న నొప్పులొస్తున్నయా?"

"నీకైతే లేవు గదరా? ఇంకేం, కానియ్యి!"

సారవ్వ ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి. రెండువందల పద్నాలుగు కాన్పులకు తోడు వెళ్ళింది, ఒక్క తల్లినీ పోగొట్టుకోలేదు. సబ్‌సెంటర్లో పరీక్ష చేసే మంచానికి పరదా కట్టించింది ఆమే. పురిటిగదిలోకి తల్లినో అత్తనో రానివ్వాలని పట్టుబట్టి, రానిచ్చేలా చేసిందీ ఆమే.

మొన్న ఏప్రిల్లో పోశం రిటైరయ్యాడు. అతని బదులు కాంట్రాక్టు కింద వచ్చిన వీరేందర్, పోశం చెప్పాడని రెండు రోజులు ఫోన్ చేసి మానేశాడు. సారవ్వ జెండా దగ్గరికే పోయింది.

"ఏం బిడ్డా, ఫోను మింగినవా?"

"జెండా పట్టమన్నరు, పడుతున్న. ఫోన్ చెయ్యమని ఆఫీసుల ఎవ్వలు చెప్పలే. కాగితముంటే చూపియ్యి అవ్వా."

కాగితం లేదు. ఎనిమిదేళ్ళూ నోటిమాట మీదే నడిచింది. గెలిచిన సంబరంలో రాసిమ్మని అడగలేదు. ఆ తప్పు తనదేనని సారవ్వ ఆ పూటే దరఖాస్తు రాసింది. ఊళ్ళో లారీ డ్రైవరు భార్య సంధ్యారాణికి నెలలు నిండుతున్నాయి. అటు మందమర్రిలో సారవ్వ కూతురు, నిండుచూలాలు ఎలిజబెత్‌కు బీపీ పెరిగి, డాక్టరమ్మ కాన్పు ఆపరేషన్‌కు తేదీ పెట్టింది. పోక తప్పదు. పోయేలోపు కాగితం రావాలి.

గని ఆఫీసులో రఘురామ్ అనే కొత్త ఆఫీసరు, రాజమండ్రి వైపు మనిషి.

"ఇన్నేళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదుగా అవ్వా?"

"ఫోనొచ్చింది గనుకనే రాలే సారూ."

"మందు నింపాక ఆపకూడదండీ. రూలు."

"ఆపుమన్ననా? నింపకముందు ఒక్క మాట అడుగుమంటున్న. అడిగితే మీ బొగ్గు కరిగిపోతదా?"

ఆయన నవ్వాడు. దరఖాస్తు తీసుకున్నాడు. "సేఫ్టీ కమిటీలో పెట్టాలి. జూన్ పదహారున మీటింగు. మీరే వచ్చి చెప్పండి."

సారవ్వ మందమర్రికి బయలుదేరిన రోజు, బస్సు దగ్గరికి సంధ్యారాణి ఆమె సంచీ మోసుకొచ్చింది. సారవ్వ కసిరి లాక్కుంది.

"అవ్వా, నువ్వు లేనప్పుడు నొప్పులొస్తే?"

"రెండు రోజుల ముందే పోయి దవాఖానల చేరు."

"నొప్పులొస్తేనే రమ్మన్నరు గద."

"అయితే పొద్దుగాలనే బయలెల్లు."

"పొద్దుగాలనే రమ్మని నొప్పులకు ఎవలు చెప్పాలె అవ్వా?"

సారవ్వ బస్సెక్కింది. సంధ్యారాణికి డాక్టరు రాసిచ్చిన కాన్పు తేదీ జూన్ పదకొండు. సారవ్వ తిరిగి వచ్చేది జూన్ పదిహేను, మీటింగుకు ముందురోజు.