కెమెరా కుడి

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు, ముఖ్యంగా కుడి ఎడమల విషయంలో. మెడికల్ కోడింగ్ కోర్సు పూర్తిచేసి, ఫిల్మ్‌నగర్‌లో ఒక చిన్న ఎముకల ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ కాగితాలు తయారుచేసే ఉద్యోగంలో చేరాను. డాక్టరు రాసిన జబ్బును కోడ్‌లోకి మార్చడం నా పని. మా దగ్గరికి ఎక్కువగా బనియన్ కేసులే వచ్చేవి. అంటే బొటనవేలు పక్కకు ఒరిగి, దాని మొదట్లో ఎముక బొడిపెలా పొడుచుకురావడం. (ఇంట్లో ఈ మాట చెబితే మా నాన్న, "బనియన్‌కి ఆపరేషనేంట్రా, కొత్తది కొనుక్కోమను" అన్నారు.) చుట్టూ హీల్స్ వేసుకుని గంటలకొద్దీ ఎగిరే డాన్సర్లుంటే ఆ కేసులకు కొదవేముంది? కోడ్‌లో చివరి అంకె ఒకటైతే కుడి పాదం, రెండైతే ఎడమ. అంతే తేడా.

ఒకరోజు ఫస్ట్ లైన్ అక్క వచ్చింది. బోరబండలో ఉండే గ్రూప్ డాన్సర్. ఇరవై ఏళ్లుగా హీరో వెనక మొదటి వరసలోనే ఆడుతోంది కాబట్టి ఆసుపత్రిలోనూ అదే పేరు. త్వరలో పెద్ద పాట షూటింగ్ ఉందని, ఆలోపు పాదం మానకపోతే మొదటి వరసలో చోటు పోతుందని ఆమె బెంగ. డాక్టరు రాతలో ఏ పాదమో అర్థం కాలేదు. లేచి వెళ్లి అడగడానికి బద్ధకం. స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా, "ఏ కాలక్కా?" అన్నాను. "కుడి కాలు తమ్మీ. షూల పడ్తనే లేదు." కోడ్ చివర ఒకటి కొట్టేశాను.

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు కోయాల్సిన పాదం మీద గుర్తు పెట్టబోతే, బొడిపె ఎడమ పాదానికుంది, ఇన్సూరెన్స్ అనుమతేమో కుడి పాదానికి వచ్చింది. అంతా ఆగిపోయింది. "ఏంటండీ ఇది? ఏ కాలో అడగలేదా?" అన్నారు మేనేజరు గారు. "అడిగానండీ. పేషెంటే తప్పు చెప్పింది" అన్నాను, ఆమె ఎదుటే. అక్క తన పాదాల వంక చూసుకుంది. "అవ్ సార్, గట్లనే చెప్పిన. డాన్స్ మాస్టర్ కుడి అన్నడంటే కెమెరాకు కుడి, మాకు ఎడమ. ఇరవై ఏండ్ల సంది గదే అలవాటు. తమ్మిని ఏమనకుండ్రి."

తప్పించుకున్నాను. సవరణ ఉత్తరంలో "పేషెంటు తప్పుగా చెప్పినందున" అని టైపు కూడా చేశాను. అద్దం తలుపు అవతల ఆమె చెప్పులు విప్పి బెంచీ మీద కూర్చునుంది. ఆ బొడిపె నా కుర్చీలోంచే కనిపిస్తోంది. తల తిప్పి ఉంటే మొదటి రోజూ కనిపించేదే. ఆ వాక్యం కొట్టేసి, "పాదం చూడకుండా కోడ్ వేశాను, తప్పు నాది" అని రాశాను. (మేనేజరు గారు చదివి, "ఇది ఇన్సూరెన్స్ కంపెనీకండీ, చర్చిలో ఫాదర్‌గారికి కాదు" అన్నారు, కానీ పంపించారు.)

అనుమతి వచ్చేసరికి డాక్టరు ఊరెళ్లారు. ఆపరేషన్ పది రోజులు వెనక్కి పోయింది. పాట సమయానికి పాదం ఇంకా పచ్చిగానే ఉందని మాస్టర్ ఆమెను రెండో వరసలో నిలబెట్టారట. క్షమించమని ఫోన్ చేశాను. "పోనీ తమ్మీ, రెండో లైన్ల లైట్ల వేడి తక్కువ" అని నవ్వింది. ఆ నవ్వు కంటే నన్ను తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నా దగ్గర చేరేవాళ్లకు మొదట కుర్చీలోంచి లేవడం నేర్పుతాను. ఆ పాట టీవీలో వచ్చినప్పుడల్లా మా ఆవిడకు, "రెండో వరసలో, కుడి చివర, ఆవిడే" అని చూపిస్తాను. "ఎవరి కుడి?" అంటుంది, ప్రతిసారీ, కావాలనే. జవాబు చెప్పేముందు ఇప్పటికీ ఒకసారి నా చేతులు చూసుకుంటాను.