తెగకూడని శ్రుతి

ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో ఉండే ఆంజనేయప్రసాద్ పగలు బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతులు చేస్తాడు. గురువారం సాయంత్రాలు చర్చి హాల్లో, ఔత్సాహికుల ఆర్కెస్ట్రాలో రెండో క్లారినెట్ వాయిస్తాడు. రెండో క్లారినెట్‌కు పెద్దగా పని ఉండదు. ఖాళీగా కూర్చుని వినీ వినీ, ఏ వాయిద్యం ఎక్కడ పలుకుతుందో, ఎక్కడ మూలుగుతుందో అతనికి తెలిసిపోయింది. ఏమీ వాయించని నేను ఆ హాలుకు వెళ్లేది అక్కడ హీటింగ్ బాగుంటుంది కాబట్టి.

ఈ ఏడు స్ప్రింగ్ కాన్సర్ట్ కోసం ఒక పాత పియానో రచనను ఆర్కెస్ట్రాకు మార్చే పని కండక్టర్ మార్గరెట్ అతనికి అప్పగించింది. రిహార్సల్లో నిలబడితే వాయిద్దాం, లేకపోతే ఏటా వాయించే వాల్ట్జ్ నాట్యగీతమే వాయిద్దాం అంది. ఏళ్ల తరబడి రెండో క్లారినెట్‌గా ఉన్నవాడికి ఇంకో అవకాశం రాదు.

పియానోలో కుడిచేతికి ఉన్న రాగం పైకెక్కి గాజులా మోగే చోటు ఫ్లూట్‌కు ఇచ్చాడు. కిందికి దిగి ముక్కుతో పాడినట్టుండే చోటు ఓబోకు ఇచ్చాడు. పియానో సుత్తి దెబ్బ వినబడాలని వయొలిన్ తీగలను వేళ్లతో మీటించాడు. మార్గరెట్ తలూపింది.

చిక్కు ఎడమచేతితో వచ్చింది. అది మొదటి నుంచి చివరిదాకా ఒకే మంద్రస్వరాన్ని మళ్లీ మళ్లీ మోగిస్తుంది. ప్రసాద్ ఆ స్వరమంతా హార్న్ అనే ఇత్తడి కొమ్ము వాయించే కీత్‌కు రాశాడు. విరామం ఎక్కడా లేదు.

కారణముంది. ప్రసాద్ తాతయ్య సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవాడు. బుగ్గల్లో గాలి నిలుపుకుని, ముక్కుతో పీలుస్తూ ఎడతెగకుండా ఊదే విద్య అది. ఒక పెళ్లిలో ఎదుర్కోలు నుంచి అప్పగింతలదాకా ఆయన శ్రుతి తెగలేదనీ, మధ్యలో రెండు లడ్లు కూడా తిన్నాడనీ ప్రసాద్ చెబుతాడు. నేను చెప్పేటప్పుడు నాలుగు లడ్లు, ఒక విస్తరి భోజనం.

కీత్ రిటైరైన పోస్ట్‌మన్. మొదటి పేజీ చివర ఎర్రబడ్డాడు. రెండో పేజీలో వంకాయ రంగుకు వచ్చాడు. పియానోలో పెడల్ తొక్కినా స్వరం కాసేపటికి చస్తుందని కాన్వెంట్‌లో మాకు సిస్టర్ స్కేలుతో నేర్పింది. హార్న్‌లో స్వరం చావదు, ఊదేవాడు చస్తాడు.

"ప్రసాద్, ఊపిరి ఎక్కడ తీసుకోమంటావు?" అని కీత్ హార్న్ దించి అడిగాడు.

"ముక్కుతో."

ఉద్యోగంలో ఉండగా ఒక కుక్క తన ముక్కును వంకర చేసిందని కీత్ వివరించాడు. మార్గరెట్ సంచిలోంచి వాల్ట్జ్ కాగితాలు బయటికి తీసింది.

టీ విరామంలో ఆమె, ఆ స్వరాన్ని నలుగురికి పంచకూడదా అని అడిగింది. శ్రుతి గొంతు మారకూడదన్నాడు ప్రసాద్. ఫ్లాస్కు తెచ్చిన అతని భార్య వరలక్ష్మి కప్పులు నింపుతూ ఇదంతా వింది.

"ఏవండీ, మీ తాతయ్యగారు లడ్లు తిన్నమాట నిజమేనా?"

"నిజమే. మా నాన్న కళ్లారా చూశారు."

"నోట్లో లడ్డూ ఉన్నంతసేపూ శ్రుతి ఎవరు పట్టారంటారు?"

ప్రసాద్ నావైపు చూశాడు. నేను బిస్కెట్లవైపు చూశాను.

"పక్కాయన అందుకుని ఉంటాడు," అన్నాడు చివరికి.

"మరి కీత్ పక్కన మనుషులు లేరా?"

ప్రసాద్ పెన్సిల్ తీశాడు. హార్న్ ఊపిరి అయిపోకముందే చెల్లో సన్నగా అందుకోవాలి, దాని తర్వాత వయోలా, ఆ తర్వాత తన క్లారినెట్ అడుగు గొంతు. విరామం తర్వాత మళ్లీ వాయించారు. స్వరం మారలేదు, రంగు మారింది. హార్న్ మీద రాగిబిందె మోగినట్టుంటే, చెల్లో మీద కలప వాసన తగిలింది, క్లారినెట్ దగ్గరికొచ్చేసరికి చీకటి పడింది. పైన అదే రాగం ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం అయింది. పియానోకు ఉన్నది ఒక్క గొంతే, ఈ పని దానివల్ల కాదు. శ్రుతి ఇలా కూడా ఉండొచ్చన్న మాట, అన్నాడు ప్రసాద్, కొంచెం నొచ్చుకున్నట్టుగానే. మార్గరెట్ వాల్ట్జ్‌ను సంచిలో పెట్టేసింది.

కాన్సర్ట్ నాడు క్లారినెట్ వంతు రాగానే కీత్ హార్న్ ఒళ్లో పెట్టుకుని, జేబులోంచి బిస్కెట్ తీసి నిదానంగా తిన్నాడు. నేను చెప్పేటప్పుడు నాలుగు బిస్కెట్లు. శ్రుతి మాత్రం తెగలేదు.