ఆర్బీ బావ మీద పాట

మా అక్క లోరీన్ కొడుకు డెల్విన్ ఇరవయ్యేళ్లు యేసు ప్రభువును అరిచి అరిచి స్తుతించాడు. రాక్ బ్యాండు, రంగు దీపాలు, పొగ, వెర్రెత్తి గంతులేసే కుర్రకారు. అక్క ఒక్కసారి వెళ్లి, చెవుల్లో దూది కుక్కుకుని కూర్చుంది. ఎలా ఉందే అంటే, "దేవుడికేమైనా చెవుడా?" అంది.

నలభై దాటాక వాడి మనసు మళ్లింది. ఆ హోరంతా వదిలేసి, ఉత్త గిటారుతో మా కెంటకీ కొండల పాటలు కట్టసాగాడు. బొగ్గు గనులు, ఇంటి మనుషులు, అవే పాటలు. అభిమానులు ప్రభువును వదిలేశాడన్నారు. దానికి జంకలేదు గానీ, అమ్మ కూడా అదే మాటంటుందేమోనని హడలిపోయాడు.

"అమ్మ వద్దంటే రికార్డు చెయ్యను పిన్నీ," అన్నాడు. గడ్డం నెరిసిన మనిషి!

మే నెలలో సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టే ఆదివారం వచ్చింది. మా చర్చిలో వాయిద్యం ముట్టనివ్వరు. సమాధుల పక్క గడ్డిలో భోజనాలయ్యాక మాత్రం ఎవరూ ఏమనరు. చిక్కుడుగింజలూ వేయించిన కోడీ లాగించి అందరం చతికిలబడ్డాం. డెల్విన్ తన తండ్రి సమాధి దగ్గర కూర్చుని కొత్త పాట ఎత్తుకున్నాడు. ఆ పాటలో వాడి నాన్న, మా ఆర్బీ బావ, శనివారం గని నుంచి మసి మొహంతో, పెళ్లానికి అడవిపూలు పట్టుకుని వచ్చాడట.

"ఆపు!" అంది అక్క.

డెల్విన్ గిటారు ఆపేశాడు. వాడి మొహం పాలిపోయింది.

"పూలా? మీ నాన్న పూలు తెచ్చే మొహమేనా? తెచ్చింది కోడి! బతికున్న కోడి, కోటులో పెట్టుకుని!"

"కోటు కాదొదినా, అన్నం డబ్బాలో," అన్నాడు బావతో గనిలో పనిచేసిన వర్జిల్. "తల బయటికి పెట్టి దారంతా తిట్టింది."

ఇక చూడండి, తలా ఒక మాట. ఎర్రకోడని ఒకరు, చుక్కలకోడని ఇంకొకరు. నవ్వి నవ్వి నా డొక్కలు నొప్పెట్టాయి.

డెల్విన్ మెల్లగా అడిగాడు. "అమ్మా, ఇందులో ప్రభువు పేరు లేదే. నీకేం బాధ లేదా?"

"పేరున్నవి ఇరవయ్యేళ్లు పాడావు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇది అర్థమైంది కాబట్టేరా తప్పు పట్టాను. ఆ కోడిని మాకిచ్చింది ఎవరనుకున్నావు? సరిచేసి రికార్డు చేసుకో. ముందిక్కడ పాడు, మీ నాన్న వినాలి."

వాడు కళ్లు తుడుచుకుని, కోడిని పెట్టి మళ్లీ ఎత్తుకున్నాడు. రెండో చరణానికి అక్క గొంతు కలిపింది. ఆ తల్లీకొడుకులు కలిసి పాడగా వినడం నాకదే మొదటిసారి.