పూజకెక్కని పుస్తకం

ఆళ్లగడ్డ బస్సులో చంకన లావాటి పుస్తకాలతో కనిపించేది అహోబిలం వకుళమాల. కళ్ళద్దాల కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకుంది. నంద్యాల గ్రంథాలయం నుంచి సంస్కృత నాటకాల వ్యాఖ్యానాలూ, ఉక్కూ యంత్రాలూ దేశానికి బలమెలా అవుతాయో చెప్పే గ్రంథాలూ తెచ్చుకునేది. చింతపండు గింజలు తీస్తున్నా ఒళ్ళో ఒకటి తెరిచి ఉండాల్సిందే.

పంతొమ్మిది వందల యాభై ఏడు దసరాల్లో సరస్వతీ పూజకు రెండు రకాలూ పీట మీద పెట్టింది. పూజలో పెట్టిన పుస్తకాన్ని విజయదశమి దాకా తెరవకూడదని ఆ ఇంటి ఆచారం. అర్చకుడైన అన్న శేషాద్రి ఉక్కు పుస్తకాన్ని తీసి పక్కన పడేశాడు.

"ఇనుము సంగతులు ఈడెందుకు పెడ్తాండావ్? ఇది సరస్వతి ఎట్లయితాది?"

"కాదంటావా అన్నా?"

"కాదు."

"అట్లయితే దీన్ని ఈపొద్దు చదవొచ్చు."

ఇల్లంతా చూస్తుండగా పీట ముందే కూర్చుని, పుస్తకం తెరిచి, గొంతెత్తి చదవసాగింది.